పేటంటే ఏ పేట?

తలుపు తీయగానే తడి సున్నం వాసన ముక్కుకు కొట్టింది. తార్నాక వెనక వీధుల్లో ఒక పాత ఇంటి మొదటి అంతస్తు అది. మేము పదకొండేళ్ళుగా అద్దెకుంటున్న ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట, రెండు నెలల్లో ఖాళీ చేయమన్నారు. అందుకని మూడు వారాలుగా చర్చి అయిపోయిన వెంటనే చెప్పులు అరిగేలా ఇళ్ళు చూస్తున్నాను. ఇంటాయన తాళం తీసి, "చూస్తూ ఉండండి మేడం, మా ఆవిణ్ణి పిలుచుకొస్తా" అంటూ కిందికి వెళ్ళాడు. నేను వంటగది గోడ దగ్గర నిలబడి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, బొటనవేలి గోరుతో గోడను గీకాను. తెల్లటి పొర ఊడింది. కింద అరచేతంత మేర నల్లటి చెమ్మ. గోట్లో ఇరుక్కున్న సున్నాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. నా భర్త చూస్తే నవ్వుతాడు, ఇదేం అలవాటని. ఈ అలవాటు నాకు మరియరత్నం గారి నుంచి వచ్చింది.

ఆమెను ఎరగని వాళ్ళకు ఆమె గురించి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పొట్టి మనిషి, నడక మాత్రం పొడుగు మనుషుల నడక. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక నీలం పెన్ను దోపి ఉండేది. జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్‌కు ఇన్‌చార్జి. డిగ్రీ పూర్తి చేసి నేను ఆ సెక్షన్‌లో చేరే నాటికి నాకు ఇరవై రెండు, ఆమెకు నలభై అయిదు దాటి ఉంటాయి. ఆకుల మీద కూడా తెల్లదుమ్ము పేరుకునే ఆ ఆవరణలో, లారీ ఎక్కే బస్తాలను ఆమె స్వయంగా వెళ్ళి పిడికిలితో పొడిచి చూసేవారు. పిడికిలి మెత్తగా దిగితే సరే. గట్టిగా తగిలితే లోపల చెమ్మ చేరి సిమెంటు బస్తాలోనే రాయైపోయినట్టు. అప్పుడామె తల కూడా ఎత్తకుండా "గడ్డ కట్టింది. దించు" అనేవారు. పైకి చూస్తే అన్ని బస్తాలూ ఒకేలా ఉండేవి. లారీ డ్రైవర్లు బతిమాలేవారు, మేనేజర్లు ఫోన్లు చేసేవారు. ఆమె దించమన్న బస్తా మళ్ళీ లారీ ఎక్కగా నేను చూడలేదు.

ఆమె పేరు గురించి కూడా చెప్పాలి. ఆఫీసులో అందరూ ఆమెను రత్నం గారనే పిలిచేవారు. ఒకసారి ఎవరో పెద్దాఫీసరు వచ్చినప్పుడు మా మేనేజరు "ఈమె రత్నం గారండీ" అని పరిచయం చేస్తే, ఆమె నవ్వుతూనే "మరియరత్నమండీ. సగం పేరు మా సారు దగ్గరే ఉండిపోయింది" అన్నారు. మేనేజరు మొహం మాడిపోయింది. నేను మాత్రం లోపల్లోపల భయపడ్డాను. మా నాన్న బడిపంతులు. ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే ఇల్లు మాది. అయినా నాకు సునీత అని పేరు పెట్టారు. ఎందుకు పెట్టారో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎక్కడికెళ్ళినా ఎవరికీ ఏమీ తెలియనివ్వని పేరు అది. దాని చాటున నేను హాయిగా ఉండేదాన్ని. ఆమె తన పేరును జెండాలా ఎత్తుకు తిరగడం నాకు అప్పట్లో అనవసరమైన తలనొప్పిలా అనిపించేది.

నేను చేరిన ఏడాదికి మా సెక్షన్‌ను హైదరాబాద్ హెడ్డాఫీసుకు మార్చారు. వచ్చే ఒకటో తారీఖు నుంచి బేగంపేటలో డ్యూటీ, మొదటి పదిహేను రోజులు కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉండొచ్చు, ఆ లోపల ఎవరి ఇల్లు వాళ్ళు చూసుకోవాలి, కుదరకపోతే ఉద్యోగం మానుకోవచ్చు. మా సెక్షన్‌లో వెళ్తామన్నది ఇద్దరమే, ఆమె, నేను. మా నాన్న మా ఊరు చందర్లపాడు నుంచి బస్సెక్కి వచ్చి మరీ చెప్పాడు. "అమ్మా, ఆ ఊళ్ళో ఒక్కదానివీ ఎక్కడుంటావు? పదిహేను రోజుల్లో పద్ధతైన ఇల్లు దొరికితే సరే. దొరక్కపోతే ఇంటికొచ్చేసి బీఎడ్ చెయ్యి" అన్నాడు. నాకు బీఎడ్ వద్దు. నా పేరు రాసిన కుర్చీ ఒకటి జీవితంలో మొదటిసారి దొరికింది, దాన్ని వదిలి వెళ్ళడం నాకు చచ్చినా ఇష్టం లేదు. కాబట్టి నాకు ఇల్లు దొరకడమంటే గోడలూ కప్పూ దొరకడం కాదు, నా బతుకు నా చేతికి దొరకడం.

హైదరాబాద్ బయలుదేరిన రోజు పొద్దున్నే పేటలో బస్సెక్కాం. మా వైపు జగ్గయ్యపేటను ఎవరూ పూర్తిగా పలకరు, పేట అంటే చాలు. కోదాడ, సూర్యాపేట దాటి, హయత్‌నగర్ దగ్గర్నుంచి ఊరు మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి సిటీ బస్సు మారాం. ఆమె కిటికీ పక్కన కూర్చుని బోర్డులు పైకి చదవడం మొదలుపెట్టారు. మలక్‌పేట. సోమాజిగూడ. అమీర్‌పేట. బేగంపేట. ఒక్కో పేరుకూ ఆమె మొహం విప్పారుతోంది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వేసరికి ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"ఏంటి మేడం?" అన్నాను.

"ఏంటేంటే! ఈ ఊరంతా పేటలూ గూడలే చూడు. మన ఊళ్ళల్లో మనల్ని ఓ మూలకి నెట్టి పేటనీ గూడెమనీ పేరు పెట్టారు. ఇక్కడేమో పేటల్లో బంగళాలు కట్టుకున్నారు. ఇన్ని పేటలున్న ఊళ్ళో మనకి చోటు లేదని ఎవడంటాడో నేనూ చూస్తా."

బస్సంతా వినేలా అన్నారు. నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. మా ఊళ్ళోనూ అంతే, మా వాళ్ళుండే వైపును పేట అనే అంటారు. పేటలో పిల్ల, పేటలో చర్చి, పేటోళ్ళ పంపు. ఆ మాటను నేను ఊళ్ళోనే వదిలేసి వచ్చాననుకున్నాను, ఈవిడ దాన్ని సిటీ బస్సెక్కించారు.

ఇళ్ళు చూడటంలో ఆమెకో పద్ధతి ఉండేది. ముందు ఇంటికి వెళ్ళకూడదు, వీధికి వెళ్ళాలి. పొద్దున ఏడింటికి ఒకసారి, దీపాలు పెట్టే వేళకి మరొకసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఆడవాళ్ళు ఒంటరిగా ఎంత తీరిగ్గా నడుస్తున్నారో చూడాలి. పరుగులాంటి నడక కనిపిస్తే ఆ వీధి వద్దు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడి మాట కలపాలి, ఎందుకంటే ఎవరింట్లో ఎవరుంటున్నారో, ఎవరు ఎందుకు ఖాళీ చేశారో అతనికి తెలిసినట్టు పోలీసులకు కూడా తెలియదు. బిందెల వరుస ఉందేమో చూడాలి. ఆఫీసు వేళకు అక్కణ్ణుంచి బస్సులో ఒకసారి వెళ్ళి రావాలి. ఇవన్నీ అయ్యాకే బెల్లు కొట్టాలి. లోపలికెళ్ళాక గోడ గీకాలి. "మనం సున్నపురాయి దేశంలో పుట్టినోళ్ళం. వర్షాలైపోయిన ఈ రోజుల్లో కొత్త సున్నం వాసనొచ్చిందంటే కింద చెమ్మ దాస్తున్నారన్నమాట" అనేవారు. అన్నిటికన్నా ముఖ్యమైనది, తలుపు తీసిన మనిషి నోరు తెరవక ముందే మనం అడగాలి. నీళ్ళు ఎన్నింటికొస్తాయి, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, మేడ మీద బట్టలారేసుకోవచ్చా. "ముందు ప్రశ్న మనది కావాలే. మనం చూడ్డానికొచ్చాం, కనపడ్డానికి రాలేదు."

చెప్పడానికి బాగానే ఉంది. కానీ రెండో ప్రశ్న ఎప్పుడూ వాళ్ళదే. మా జిల్లా వాళ్ళకు ఆ ప్రశ్న చెప్పనక్కర్లేదు. కులం అనే మాట పలక్కుండా కులం అడగటానికి అంతకంటే మర్యాదైన దారి ఇంకెవరూ కనిపెట్టలేదు. మీరేవిట్లు? అంతే. ఒకే ఒక్క మాట, నవ్వుతూ, మజ్జిగ గ్లాసు చేతికిస్తూ కూడా అడగొచ్చు. కూకట్‌పల్లి వైపు మన జిల్లా వాళ్ళు ఎక్కువుంటారని ఎవరో చెబితే సంబరపడి వెళ్ళాను. మన జిల్లా వాళ్ళు ఎక్కువున్న చోట మన జిల్లా ప్రశ్నలు కూడా ఎక్కువే ఉంటాయని అక్కడికెళ్ళాక అర్థమైంది. అలాగని మిగతా చోట్ల అడగలేదని కాదు. కొందరు ఇంటిపేరు అడిగారు, కొందరు వంటల గురించి అడిగారు, ఒకాయన ఏ పండగకు ఊరెళ్తారని అడిగాడు. అద్దె అన్నా కిరాయి అన్నా ప్రశ్న మాత్రం ఒకటే.

ఆమె ప్రతిచోటా ఒకేలా జవాబు చెప్పేవారు. ఏమీ నాన్చకుండా, నీళ్ళు తాగినంత మామూలుగా, తన కులం పేరు చెప్పేవారు. తర్వాత అవతలి మనిషి మొహంలో ఏం జరుగుతుందో తీరిగ్గా చూసేవారు. సాధారణంగా ఒక చిన్న దగ్గు వచ్చేది. మా అబ్బాయి వస్తానంటున్నాడు, నిన్ననే వేరేవాళ్ళు మాటిచ్చి వెళ్ళారు, మా వారిని అడగాలి. ఆమె పిడికిలి బిగించి ఆ ఇంటి గోడను ఒక్క పోటు పొడిచి, "గడ్డ కట్టిందే, పద" అనేసి మెట్లు దిగేవారు. బయటికొచ్చాక ముడిలోంచి పెన్ను తీసి, చిన్న పుస్తకంలో ఆ ఇంటి మీద అడ్డగీత కొట్టేవారు. మమ్మల్ని ఎవరో వద్దన్నట్టు కాకుండా, మేమే ఏదో పనికిరాని సరుకును వెనక్కి పంపినట్టు ఉండేది ఆ గీత. మొదటి రెండు మూడు ఇళ్ళకు నాకూ నవ్వొచ్చింది. పదో రోజుకు నవ్వు రాలేదు. లెక్కలో ఇంకా అయిదు రోజులే మిగిలాయి.

పదకొండో రోజు ఆమెకు చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ కాలనీ పేరు ఇక్కడ రాయను, అక్కడ ఇప్పుడెవరుంటున్నారో నాకు తెలియదు. నీడగా, నిశ్శబ్దంగా ఉన్న వీధి. మేడ మీద ఒక గది, వంటగది, పక్కనే పూలకుండీలు. ఇంటావిడ పెద్దామె, మొహం చూస్తేనే మంచి మనిషని తెలుస్తుంది. నీళ్ళ గురించీ కిటికీ గురించీ నేను అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత, ఊహించినట్టే, "ఇంతకీ మీరేవిట్లమ్మా?" అంది.

నా కులం పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "పేటోళ్ళమండి" అన్నాను.

నేను ఏ పేటను తలుచుకుని అన్నానో నాకు నిజంగా తెలియదు. అబద్ధం చెప్పానా అంటే లేదు. నిజం చెప్పానా అంటే అదీ లేదు. ఆమె మొహం మాత్రం వెలిగిపోయింది.

"అయ్యో, పేటా! ముందే చెప్పొద్దూ! మాది నందిగామ దగ్గరేనమ్మా. మా ఆడపడుచునిచ్చింది పేటలోనే. ఇంకేం, మనవాళ్ళేనన్నమాట. రేపే వచ్చి దిగు."

ఆ మనవాళ్ళే అన్న మాటను నేను దిద్దలేదు. తల కూడా ఊపలేదు, చిన్నగా నవ్వానంతే. ఆ నవ్వు ఇప్పటికీ నాకు అద్దంలో ఒక్కోసారి కనిపిస్తుంది, కనిపించినప్పుడల్లా మొహం తిప్పుకుంటాను.

గెస్ట్‌హౌస్‌కు పరిగెత్తుకుంటూ వచ్చి, ఇల్లు దొరికిందని మరియరత్నం గారికి చెప్పాను. ఆమె చీర మడతపెడుతూ, "ఏం చెప్పావు?" అన్నారు.

"పేట అన్నా మేడం."

"పేటంటే ఏ పేట?"

ఆమె మడత ఆపి నా వైపు చూశారు. "నువ్వుంటావే ఆ ఇంట్లో, కాదన్ను. మీ నాన్నొస్తే ఎక్కడుంటాడు? సంచిలో బైబిలు పెట్టుకునేగా వస్తాడు?"

నాకు కోపం వచ్చింది. పది రోజుల అలసట అంతా ఆ కోపంలోకి వచ్చింది. "మీకేం మేడం, ఇన్నేళ్ళుగా మాటలు పడీ పడీ అలవాటుపడిపోయారు. నాకు ఉద్యోగం కావాలి" అన్నాను.

"నాకూ కావాలే ఉద్యోగం. నేనేమన్నా సరదాకొచ్చానా? అలవాటైతే ఒక్కో మెట్టూ దిగేటప్పుడు కాళ్ళెందుకు వణుకుతున్నాయి నాకు?" అన్నారు. ఆమె కాళ్ళు వణికేవని నేను అప్పటిదాకా గమనించలేదు. గోడను పొడిచే పిడికిలినే చూశాను. అయినా ఆ రోజు నేను తగ్గలేదు. మర్నాడు నా పెట్టె తీసుకుని ఆ మేడ మీద గదికి వెళ్ళిపోయాను. ఆమెకు మరో రెండు రోజులకు మెట్టుగూడలో, రైలు పట్టాలకు దగ్గరగా, రెండు గదుల ఇల్లు దొరికింది. ఆ ఇంటి ముసలాయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆమె చెప్పిందంతా విని, "అది కాదమ్మా, రైళ్ళ చప్పుడుకు నిద్ర పడుతుందా మీకు?" అని మాత్రం అడిగాడట.

నా కొత్త ఇంట్లో నాకు ఏ లోటూ లేదు. ఆంటీ, అంటే ఇంటావిడ, మామిడికాయ పప్పు పంపేది, గోంగూర పంపేది. జలుబు చేస్తే మిరియాల కషాయం కాచి తెచ్చింది. పేట ముచ్చట్లు చెప్పమని కూర్చోబెట్టేది. నేను బస్టాండు, బజారు, ఫ్యాక్టరీ గురించి చెబుతూ, మాటలు మా ఇంటి వైపు మళ్ళకుండా చూసుకునేదాన్ని. ఆదివారం చర్చికి వెళ్తూ స్నేహితురాలి ఇంటికని చెప్పేదాన్ని. ఆమె ఎంత ప్రేమగా ఉంటే నాకు అంత ఊపిరాడేది కాదు. ఆ ప్రేమ నా మీద కాదు, నా స్థానంలో ఆమె ఊహించుకున్న ఇంకెవరో అమ్మాయి మీద అని ప్రతి గిన్నెలోనూ గుర్తొచ్చేది.

నెల తిరక్కుండానే అమ్మ వచ్చింది. కారప్పొడి, చింతకాయ పచ్చడి, వాటితో పాటు గోడకు తగిలించే బైబిలు వాక్యం కేలెండరు ఒకటి తెచ్చింది. మర్నాడు తెల్లవారుజామున లేచి, మా ఇంట్లో రోజూ చేసినట్టే, చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. అమ్మది పెద్ద గొంతు. పేట చర్చిలో మైకు పోయినా వెనక వరసదాకా వినిపించే గొంతు. కింద ఆంటీ వాకిలి కడుగుతున్న చప్పుడు వినిపించింది. నేను గబుక్కున లేచి వెళ్ళి కిటికీ రెక్కలు మూశాను.

అమ్మ కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కళ్ళు మూసుకుని పాటను పూర్తి చేసింది, కాకపోతే గొంతు బాగా తగ్గించి. అమ్మ గొంతు తగ్గించగలదని నాకు ఆ రోజే తెలిసింది. సాయంత్రం బస్సుకు బయలుదేరుతూ, తెచ్చిన కేలెండరును చుట్టచుట్టి మళ్ళీ తన సంచిలోనే పెట్టుకుంది. "దీన్నిక్కడ నువ్వు తగిలించలేవులేమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

అమ్మను బస్సెక్కించి, నేను ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా మెట్టుగూడ వెళ్ళాను. మరియరత్నం గారు గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నన్ను చూసి పక్కకు జరిగారు. ఎప్పుడూ మేడం అనే నా నోటికి ఆ పూట అదేమిటో "అక్కా" అని వచ్చింది. "అక్కా, అమ్మ పాడుతుంటే కిటికీ మూసేశా" అన్నాను. ఆ తర్వాత ఏడుపే. ఆమె చేట కింద పెట్టలేదు, ఓదార్చలేదు, నేను చెప్పానా అని కూడా అనలేదు. ఏడుపు తగ్గాక, "లోపల రెండో మంచానికి చోటుంది. నువ్వొస్తావని ముందే చూసిపెట్టా. కానీ ఆ ఇంటి నుంచి దొంగలా ఖాళీ చెయ్యకు. చెప్పి రా" అన్నారు.

"మీరు రండి అక్కా. మీరైతే బాగా చెబుతారు."

"వస్తా. పక్కన నిలబడతా. మాట మాత్రం నీది."

ఆ రాత్రే వెళ్ళాం. ఆంటీ హాల్లో కూర్చుని ఉంది. "ఆంటీ, ఆ రోజు పేటోళ్ళమన్నాను కదా. అది జగ్గయ్యపేట కాదు ఆంటీ. మా ఊళ్ళో మా వాళ్ళుండే పేట" అన్నాను. కులం పేరు కూడా చెప్పాను. ఆమె మొహంలో కోపం కంటే ముందు నొప్పి కనిపించింది. అది అబద్ధం కాదు, నేను చూశాను.

"ఎంత పని చేశావమ్మా. ముందే చెప్పుండాల్సింది" అంది.

పక్కన నిలబడతానన్న మనిషి ఊరుకోలేకపోయారు. "ముందే అడక్కుండా ఉండాల్సిందండీ" అన్నారు.

ఆంటీ ఆమె వైపు చూసింది. "నా చేత్తో వండి పంపానే, కూతురిలా చూసుకున్నానే" అంది.

"చూసుకున్నారండీ. మీ గోంగూర బాగుంటుందని చెప్పింది కూడా. ఆ పిల్లే ఈ పిల్ల. ఇవ్వాళేం మారలేదు" అన్నారు మరియరత్నం గారు, చాలా మర్యాదగా. ఆంటీ ఏదో అనబోయి ఆగింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె ఉండిపొమ్మంటుందేమో అనుకున్నాను. అనలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకుంది. నేను పెట్టె సర్దుకుని దిగి వస్తుంటే మెట్ల దగ్గర నా కాళ్ళు వణికాయి. పక్కనున్న ఆమెవి కూడా. వీధి మలుపు తిరిగాక ఇద్దరికీ ఎందుకో ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

మెట్టుగూడ ఇంట్లో ఆమెతో నాలుగేళ్ళున్నాను, నా పెళ్ళిదాకా. అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు వాక్యం కేలెండరును మరియరత్నం గారే మేకు కొట్టి వీధిలోకి కనపడేలా గుమ్మం పక్కన తగిలించారు. తెల్లవారుజామున అమ్మ పాడుతుంటే రైలొచ్చింది. అమ్మ రైలు మీదికి గొంతు పెంచింది. కింద వాటాలో ముసలాయన పొద్దున నన్ను చూసి, "మీ అమ్మగారి ముందు రైలు ఓడిపోయిందమ్మా" అన్నాడు. ఆ మాటను మా అమ్మ ఊళ్ళో ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు. మా నాన్న ఆ తర్వాత ఎప్పుడూ బీఎడ్ ఊసెత్తలేదు.

మరియరత్నం గారిని మొండిమనిషి అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే, మొండిమనిషే. ఆఫీసులో ఆమెతో నేనూ ఎన్నోసార్లు గొడవపడ్డాను. ఒక్క మాట సర్దుకుంటే పోయే చోట కూడా సర్దుకునేవారు కాదు. అందుకు ప్రమోషన్లు పోయాయి, స్నేహాలూ పోయాయి. కానీ సర్దుకుపోయిన వాళ్ళెవరూ నాకు రెండో మంచానికి చోటు చూసిపెట్టలేదు. రిటైరయ్యాక జగ్గయ్యపేట వెళ్ళి బజారుకు దగ్గర్లోనే మేడ కట్టారు. పై వాటా అద్దెకిస్తానని ఒక రేకు మీద తనే పెయింటుతో రాసి గేటుకు వేలాడదీశారు. చూడటానికి వెళ్ళినప్పుడు చదివాను. ఇల్లు అద్దెకు ఇవ్వబడును. మేము అడిగేవి రెండే: మీ పేరు, ఎంతమంది. మీరు ఏమైనా అడగవచ్చు. కింద పూర్తి పేరు, జి. మరియరత్నం. మరియ అన్న మూడక్షరాలూ మిగతా వాటికంటే కాస్త లావుగా రాశారు. పోయిన వానాకాలంలో ఆమె చనిపోయినప్పుడు సమాధి పెట్టె ముందు అందరికంటే ఎక్కువగా ఏడ్చింది ఆ పై వాటా కుటుంబమే. వాళ్ళేవిట్లో నాకు తెలియదు. ఆమెకూ తెలిసుండదు.

తార్నాక ఇంటి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇంటాయన భార్యను తీసుకుని వచ్చాడు. ఆమె చుట్టూ ఒకసారి చూసి, "బాగుందాండీ? మొన్ననే సున్నం కొట్టించాం" అంది. తర్వాత నా మాట తీరు పట్టుకుని, "విజయవాడ వైపాండీ మీరు?" అంది.

"చందర్లపాడు దగ్గరండీ."

"అలాగా." ఒక చిన్న నవ్వు. ఇన్నేళ్ళలో ఆ నవ్వు ఏమీ మారలేదు. "అంటే... మీరేవిట్లండీ?"

"పేటోళ్ళమండీ" అన్నాను.

"పేటంటే జగ్గయ్యపేటా?"

"కాదండీ. మా ఊరి పేట" అన్నాను. నాన్చకుండా, నీళ్ళు తాగినంత మామూలుగా, మా కులం పేరు కూడా చెప్పి, ఆమె మొహం వైపు తీరిగ్గా చూశాను. మోకాళ్ళు వణుకుతున్నాయి. వణకనిచ్చాను.

ఆమె భర్త వైపు చూసింది. ఆయనకు చిన్న దగ్గు వచ్చింది. "మేం ఇంట్లో మాట్లాడుకుని ఫోన్ చేస్తాం మేడం" అన్నాడు.

"అక్కర్లేదండీ. చూడ్డానికొచ్చింది నేను" అని వంటగది గోడను పిడికిలితో ఒక్క పోటు పొడిచాను. తెల్లపొర పెళుసుగా రాలి, ఆ అరచేతంత నల్లటి చెమ్మ ఇంకాస్త పెద్దదైంది. "గడ్డ కట్టింది" అన్నాను. వాళ్ళకు అర్థమై ఉండదు.

వీధిలోకి వచ్చి, నా ముడిలోంచి పెన్ను తీసి, పుస్తకంలో ఆ ఇంటి మీద అడ్డగీత కొట్టాను. ఎదురు సందులో ఇంకో టులెట్ బోర్డు కనిపించింది. పొద్దున్నే ఆ సందు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూశాను, ఆడవాళ్ళు తీరిగ్గానే నడుస్తున్నారు. వెళ్ళి బెల్లు కొట్టాను. తలుపు తీసినావిడ నన్ను కిందికీ పైకీ చూసి నోరు తెరవబోయింది. నేను తెరవనివ్వలేదు.

"నీళ్ళు ఎన్నింటికొస్తాయండీ?" అన్నాను.